బెర్లిన్ క్రిస్మస్ సంతలు: నడిబొడ్డున చోటెవరికి?

డిసెంబరు బెర్లిన్ గురించి ఏ ట్రావెల్ వీడియో చూసినా అదే దృశ్యం: చెక్క కొట్లు, దీపాల తోరణాలు, పొగలు కక్కే గ్లూవైన్ (మసాలా దినుసులు వేసి కాచిన వైన్) కప్పులు, వెనకాల ఒక చర్చి గోపురం. పైన ‘శతాబ్దాల సంప్రదాయం’ అన్న మాట. జర్మనీలో ఈ సంతలు పాతవేనన్నది నిజం. డ్రెస్డెన్ సంతకు 1434లో అనుమతి దొరికింది. న్యూరెంబర్గ్ సంత జాడ 1628 నుంచి ఉంది. కానీ బెర్లిన్‌లో ఇవాళ పర్యాటకులు ఎగబడే పెద్ద సంతల్లో చాలావాటికి నిండా యాభయ్యేళ్ళు కూడా ఉండవు. కాబట్టి పాతదనం కోసం వెళ్ళి పాతదనపు అలంకారం చూసి తిరిగిరావడం అక్కడ చాలా తేలిక. ఈ నగరంలో క్రిస్మస్ సంత కథంతా ఊరి నడిబొడ్డున ఉన్న చోటు ఎవరికి దక్కాలన్న తగాదా చుట్టూ తిరిగింది. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మన దేశం వాళ్ళే అందరికన్నా ఎక్కువ, వాళ్ళను చూడబోయే తల్లిదండ్రులూ పెరుగుతున్నారు గనక, ఆ తగాదా సంగతి తెలిసి వెళ్తే ఏ సంతకు ఓ సాయంత్రం ఇవ్వాలో తేల్చుకోవచ్చు.

పందొమ్మిదో శతాబ్దంలో సంత రాజభవనం పక్కనే జరిగేది. 1805లో 300 పైచిలుకు కొట్లు ఉంటే, 1840 నాటికి 600 దాకా అయ్యాయి. అమ్మేవాళ్ళలో చిన్నచిన్న చేతిపనివాళ్ళు, ఇంట్లో చేసిన బొమ్మలు పట్టుకుని చలిలో నిలబడే పేద పిల్లలు కూడా ఉండేవాళ్ళు. శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ వీధుల్లోకి పెద్ద గాజు అద్దాల దుకాణాలు వచ్చాయి. వాటి ఎదుట ఈ చవక బేరాలు, ఈ గుంపు అధికారులకు కంటగింపయ్యాయి. 1890ల్లో సంతను ఉత్తరాన కార్మికులుండే ఆర్కోనాప్లాట్స్‌కు తరిమేశారు. మళ్ళీ నడిబొడ్డుకు తెచ్చింది ఎవరంటే, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, నాజీలు. 1934లో రాజభవనం ఎదుటి లుస్ట్‌గార్టెన్ మైదానంలో అట్టహాసంగా తెరిచారు; 1936లో 20 లక్షల మంది వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరం రెండు ముక్కలైంది, సంతా రెండైంది. దేవుడి ఊసెత్తని తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం కూడా ఆలెగ్జాండర్‌ప్లాట్స్ దగ్గర రంగులరాట్నాలతో క్రిస్మస్ వేడుక నడిపింది. అంటే రాజు, వ్యాపారి, నియంత, పార్టీ, ఎవరి చేతిలో నగరం ఉంటే వాళ్ళు సంతను తమకు కావలసిన చోటికి జరిపారు.

నాజీలు ముట్టుకున్నదాన్ని సంబరంగా చూడటమెలా అని అడిగేవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైనదే. న్యూరెంబర్గ్‌లో బంగారు జుట్టుతో, కానుకలు పంచే ‘క్రిస్ట్‌కిండ్’ (బాలక్రీస్తు) వేషధారి సంతను ప్రారంభించే ఆచారం నాజీలు అధికారానికి వచ్చిన 1933లోనే మొదలైంది. అయితే ఆ ఆచారం అక్కడే గడ్డకట్టుకుపోలేదు. యుద్ధం తర్వాత 1948లో సంతను తిరిగి తెరిచారు, 1969 నుంచి ఆ వేషానికి ఊరి అమ్మాయిల్లో ఒకరిని ఎన్నుకుంటున్నారు. 2019లో ఎంపికైన అమ్మాయి తండ్రి ఢిల్లీలో పుట్టినవాడు. ఒక తీవ్ర మితవాద పార్టీ స్థానిక శాఖ ఆమె ఎంపికను ఎద్దేవా చేస్తూ ఫేస్‌బుక్‌లో రాసింది. దేశమంతా మండిపడేసరికి తీసేసింది. ఆ ఏడు సంతను ప్రారంభించింది ఆ అమ్మాయే. ఒక ఆచారం ఎవరి చేతిలో పుట్టిందన్నదొక్కటే దాని జాతకాన్ని నిర్ణయించదని ఇంతకన్నా ఋజువు అక్కర్లేదు.

రెండో అభ్యంతరం మరీ పాతది: అంతా వ్యాపారమైపోయిందని. మన తిరునాళ్ళలో గాజులు, జీళ్ళు, గిన్నెలు అమ్మడం భక్తికి ఎప్పుడు అడ్డమైంది? క్రిస్మస్ సంత పుట్టుకే వ్యాపారం. చలికాలానికి ముందు మాంసం, బట్టలు, పిల్లల బొమ్మలు కొనుక్కోవడానికి జనం వచ్చేవారు. కొట్లలో వేలాడే కొయ్య బొమ్మలనే తీసుకోండి. సాక్సనీలో ఎర్ట్స్‌గెబిర్గె అనే కొండ ప్రాంతంలో వెండి, తగరం గనులు తగ్గిపోయాక, గని కార్మికుల కుటుంబాలు లేత్ మీద కొయ్య తిప్పి పొట్టపోసుకున్నాయి. అక్రోట్లు పగలగొట్టే సిపాయి బొమ్మ, నోటి నుంచి సాంబ్రాణి పొగ వదిలే ముసలివాడు, కొవ్వొత్తుల వేడికి తిరిగే కొయ్య గోపురం అక్కడివి. వాటిని కొంటే ఒక పనివాడి చేతికి డబ్బు చేరుతుంది. పక్క కొట్లో అదే పోలికతో చవగ్గా దొరికేది ఎక్కడిదో ఫ్యాక్టరీ సరుకు కావచ్చు, ఎక్కడ చేశారని అడగడంలో తప్పులేదు. కాబట్టి ఫిర్యాదు చేయాల్సింది అమ్మకం మీద కాదు, ఎవరు అమ్ముతున్నారు, చోటుకి అద్దె ఎంత అన్నదాని మీద. నడిబొడ్డున అద్దె పెరిగేకొద్దీ, బొమ్మలు చెక్కేవాడికి బదులు సాసేజులూ మద్యమూ అమ్మేవాడే నిలబడగలుగుతాడు. బెర్లిన్ నడుమ జాండార్మెన్‌మార్క్ట్ చౌకులో జరిగే సంతకైతే గేటు దగ్గర ఒకటి రెండు యూరోల టికెట్టు కూడా ఉంటుంది. లోపల నాణ్యమైన చేతిపనులు, సంగీతం ఉన్నాయని సమర్థించవచ్చు. అయినా ఊరందరిదీ అయిన చౌకు చుట్టూ కంచె కట్టి టికెట్టు అమ్మడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు కంచెలకు మరో కారణం కూడా ఉంది. 2016 డిసెంబరు 19న బెర్లిన్‌లోని బ్రైట్‌షైడ్‌ప్లాట్స్ సంత మీదికి ఒక ఉగ్రవాది లారీ నడిపాడు. ఆ గాయాలతో తర్వాత చనిపోయిన వ్యక్తితో కలిపి మృతులు 13 మంది. అక్కడి మెట్ల మీద వాళ్ళ పేర్లు, రాతిలో బంగారు రంగు చీలిక గీత ఉన్నాయి. 2024లో మాగ్డెబుర్గ్ సంతలో కారు దాడి ఆరుగురిని బలిగొంది. కాంక్రీటు దిమ్మెలు సంత అందాన్ని చెడగొట్టాయని సణిగేవాళ్ళకు జవాబు చెప్పనక్కర్లేదు. కాని వాటి ఖర్చు ఎవరు భరించాలన్నది అసలు ప్రశ్న. నిర్వాహకుల నెత్తిన వేస్తే పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, చిన్న ఊళ్ళు సంతనే రద్దు చేసుకుంటాయి, కొన్ని చేసుకున్నాయి కూడా.

ఇదంతా చూశాక నా ఓటు బెర్లిన్‌లోనే ఉన్న రిక్స్‌డోర్ఫ్ సంతకు. 1737లో బొహీమియా నుంచి మతహింసకు భయపడి పారిపోయివచ్చిన ప్రొటెస్టెంట్లకు రాజు చోటిచ్చిన పల్లె అది. ఇప్పుడు తుర్కీ, అరబ్ కుటుంబాలు ఎక్కువగా ఉండే నోయికోల్న్ పేటలో కలిసిపోయింది. అక్కడి రిచర్డ్‌ప్లాట్స్‌లో కొట్లు పెట్టేది ఎక్కువగా సేవా సంస్థలు, బడులు, స్థానిక సంఘాలు. ఇంట్లో వండిన జాములు, అల్లిన మేజోళ్ళు అమ్మి వచ్చిన డబ్బు వాళ్ళ పనులకు వాడుకుంటారు. అదీ పర్యాటకులతో కిక్కిరిసిపోతుందన్న మాట నిజమే, గంటసేపు అడుగు ముందుకు పడదు. అయినా అక్కడి రద్దీలో ఇరుగుపొరుగు వాళ్ళూ కనిపిస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, మిగతా పెద్ద సంతలు చాలావరకు నవంబరు చివర్లో వచ్చే మృతుల స్మారక ఆదివారం దాటాక తెరిచి క్రిస్మస్ దాకా నడుస్తాయి గాని, రిక్స్‌డోర్ఫ్ సంత క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ కాలంలో రెండో వారాంతం మాత్రమే, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం వరకు. విమానం టికెట్లు ఆ తేదీ చూసుకుని కొనాలి. నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోవాలి, గ్లూవైన్ కప్పుకు కట్టిన డిపాజిట్టు కప్పు తిరిగిస్తే వెనక్కి వస్తుంది. మద్యం ముట్టనివాళ్ళు ‘కిండర్‌పున్ష్’ అని అడిగితే, దాల్చినచెక్క, లవంగం వేసి కాచిన పళ్ళరసం పోస్తారు.