టవర్ పడిపోయినా చేరే మెసేజ్: హ్యామ్ రేడియోలో ప్యాకెట్ పద్ధతి



2021 నవంబర్ 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు నదిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లను నీరు ముంచెత్తింది. అదే నెలలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఇలాంటి రోజుల్లో ముందు కరెంటు పోతుంది. టవర్ల బ్యాటరీలు అయిపోయాక ఫోన్లూ మూగబోతాయి. సరిగ్గా అప్పుడే మనవాళ్ల క్షేమం తెలియాలి.

టవర్, ఇంటర్నెట్ రెండూ అక్కర్లేని దారి ఒకటి ఉంది. అదే హ్యామ్ రేడియో. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటానికి వెళ్లిన ఆ బృందం వెంటనే ఆ పని ఆపేసి, బాధితుల సమాచారాన్ని చేరవేసే పనిలో దిగింది.

మాటకూ ప్యాకెట్‌కూ తేడా ఏమిటి?

గరగర శబ్దంలో 'పదిహేను మంది' అంటే 'పదహారు మంది' అని వినిపించవచ్చు. మందు పేరో, ఫోన్ నంబరో అయితే ఆ పొరపాటు ఖరీదైనది. ప్యాకెట్ పద్ధతిలో మాటకు బదులు అక్షరాలు వెళతాయి. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసిన రిజిస్టర్డ్ పోస్టులాంటిది ఇది. ప్రతి ప్యాకెట్‌పై పంపినవారి, అందుకునేవారి కాల్ సైన్‌లు ఉంటాయి. చివర ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. అవతలి కంప్యూటర్ ఆ లెక్క మళ్లీ చేసుకుంటుంది. సరిపోతే 'అందింది' అని జవాబిస్తుంది. సరిపోకపోతే ఆ ప్యాకెట్‌ను పక్కన పడేస్తుంది. జవాబు రాకపోతే పంపినవారి కంప్యూటర్ మళ్లీ పంపుతుంది. అంటే మెసేజ్ సరిగ్గా చేరుతుంది, లేదా చేరలేదని మనకు తెలుస్తుంది.

ఈ నియమాల పేరు ఏఎక్స్.25. సాధారణ వేగం సెకనుకు 1200 బిట్లు, అంటే 150 అక్షరాల లోపే. ఫోటోలకు, వీడియోలకు ఇది చాలదు. 'అందరూ క్షేమం' అనడానికి మాత్రం చాలు. పిల్లలకు ఇక్కడ ఒక చిన్న లెక్క: యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ విడిగా లెక్కకొస్తాయి. 'అందరూ క్షేమం' మొత్తం 34 బైట్లు. ఎలా వచ్చిందో కాగితం మీద లెక్కపెట్టమనండి.

సెట్‌ను సిద్ధం చేయడం

కావలసినవి మూడు: 144-146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసే ట్రాన్సీవర్, ల్యాప్‌టాప్, రెండింటినీ కలిపే ఇంటర్‌ఫేస్ కేబుల్. ఇదివరకు మధ్యలో టీఎన్‌సీ అనే ప్రత్యేక పెట్టె ఉండేది. ఇప్పుడు ఆ పనిని డైర్‌వుల్ఫ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది అక్షరాలను 1200, 2200 హెర్ట్జ్ అనే రెండు స్వరాలుగా మారుస్తుంది. సెట్ ఆ స్వరాలనే మాటలాగా పంపుతుంది.

ముందు వినడం సరిచేయాలి. స్క్వెల్చ్ పూర్తిగా తెరవాలి. లేకపోతే శబ్దం బయటికి వచ్చేలోపే ప్యాకెట్ మొదలు పోతుంది. చేతి సెట్ అయితే బ్యాటరీ సేవర్ ఆపాలి, అదీ ఇలాగే మొదటి ముక్కను మింగేస్తుంది.

తర్వాత పంపడం. బటన్ నొక్కిన వెంటనే సెట్ పూర్తి బలంతో పనిచేయదు. అందుకే సాఫ్ట్‌వేర్‌లో టీఎక్స్ డిలేను 300 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ల్యాప్‌టాప్ వాల్యూమ్ దగ్గర. గట్టిగా పెడితే దూరం వెళుతుందనుకుంటారు. నిజానికి స్వరం చిట్లిపోయి అవతలి కంప్యూటర్‌కు అర్థం కాదు. తక్కువ నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. ల్యాప్‌టాప్ నోటిఫికేషన్ శబ్దాలు కూడా ఆపాలి, లేకపోతే అవీ గాల్లోకి వెళతాయి.

ఇంకొకటి, ఛానెల్ ఖాళీగా ఉందో లేదో విన్నాకే సాఫ్ట్‌వేర్ పంపుతుంది. నలుగురు మాట్లాడేచోట ముందు వినాలన్న మర్యాద యంత్రానికీ ఉంది!

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు చేరుతుందా?

మ్యాప్ తీసుకుని పిల్లలతో కొలిపించండి. నేరుగా కొలిస్తే ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు సుమారు 20 కి.మీ., పులివెందులకు సుమారు 50 కి.మీ. భూమి వంపు వల్ల 10 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు సుమారు 13 కి.మీ. వరకే చూపు ఆనుతుంది. రెండు వైపులా అంతే ఎత్తుంటే 26 కి.మీ. కాబట్టి మిద్దెల మీది యాంటెన్నాలతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కలవడానికి వీలుంది. కొండలు, భవనాలు అడ్డొస్తే లెక్క మారుతుంది. పులివెందుల మాత్రం నేరుగా అందదు. అప్పుడు ముద్దనూరు వైపు ఎత్తైన చోట ఇంకో స్టేషన్ పెట్టి, విన్న ప్యాకెట్‌ను తిరిగి పంపేలా చేయాలి. దాన్ని డిజిపీటర్ అంటారు. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు లేకపోయినా ఆగదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ స్టేషన్ కూడా 145.825 మెగాహెర్ట్జ్ మీద ఇదే పని చేస్తుంది. అది సుమారు 400 కి.మీ. ఎత్తున ఉంటుంది కాబట్టి దాని చూపు చాలా దూరం ఆనుతుంది.

కొనేముందు లైసెన్స్

ఇక్కడ మీ పాత్ర ముఖ్యం. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించిందని పుట్టినరోజు కానుకగా సెట్ కొనకండి. లైసెన్స్ లేకుండా ట్రాన్సీవర్ ఉంచుకోవడం, వాడటం నేరం. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష నిర్వహిస్తుంది. 12 ఏళ్లు నిండినవారు రాయవచ్చు. సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రశ్నలు ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నియమాల మీద ఉంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అవసరం లేదు, జనరల్ గ్రేడ్‌కు అవసరం. పాసై లైసెన్స్ పొందాక మీ బిడ్డకు తనదే అయిన కాల్ సైన్ వస్తుంది. ప్రపంచంలో అది ఇంకెవరికీ ఉండదు.

హ్యామ్ బ్యాండ్‌లో రహస్య సంకేతాలు, వ్యాపార సమాచారం నిషిద్ధం. పంపినది ఎవరైనా చదవగలరు. కాబట్టి ఇంటి అడ్రస్, బ్యాంకు వివరాలు పంపకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

మీ అబ్బాయికో అమ్మాయికో ఆసక్తి ఉంటే, వచ్చే పేరెంట్ మీటింగ్‌లో ఫిజిక్స్ సార్‌తో గానీ మేడమ్‌తో గానీ మాట్లాడండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్స్ వస్తే పరీక్షకు మంచి పునాది ఉన్నట్టే. వరద ముంచుకొచ్చాక సెట్ కొనలేం, పరీక్ష రాయలేం. ఆ పని ఎండాకాలం సెలవుల్లోనే జరగాలి.