ఏటిగట్టు మీద బరకమే ఇల్లు!

అటక మీంచి బరకం కిందికి దిగిందంటే లంకలోకి గోదారి వస్తోందన్నమాటే. కోతల కాలంలో ధాన్యం రాశుల మీద కప్పే ఆ బరకమే వరదలొస్తే ఇంటిల్లిపాదికీ గూడు. ఒకటి రెండు రోజులైతే ఎలాగో సర్దుకోవచ్చు. వారం పది రోజులు దానికిందే ఉండాలంటే మాత్రం... కట్టడానికో లెక్క ఉంది!

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. 1986 ఆగస్టులోనైతే ఏకంగా 35 లక్షలు! అలాంటప్పుడు పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి ఊళ్లకు పడవే దారయ్యేది. పునరావాస కేంద్రంలో చోటున్నా కొందరు గట్టు వదిలి వెళ్లరు. కారణం... గొడ్లు. పాడిగేదెను బడి గదిలోకి తీసుకెళ్లలేరుగా! పైగా గట్టు మీదుంటే మునిగిన ఇల్లు కళ్లెదుటే ఉంటుంది.

వాలులోనే ఉంది కిటుకు

బయట ఎక్కడైనా గుడారం చుట్టూ వాననీటికి గాడి తవ్వుతారు. ఏటిగట్టు మీద ఆ పని కూడదు. వరద వేళ గట్టును తవ్వితే ఊరికే ముప్పు. కాబట్టి గుంజలు పాతకుండా, సరుగుడు కర్రల్ని రెండువైపులా కత్తెరలా నిలిపి, వాటి మీద వెదురు గడ కట్టి బరకం వేసుకోవాలి. నడిమి గడ ఎత్తుగా ఉంటే వాన జారిపోతుంది. చదునుగా కట్టారో... నీళ్లు బొజ్జలా నిలిచి, ఆ బరువుకు బరకం చిరుగుతుంది. గాలి కొట్టేవైపు అంచును నేలకు దించి ఇసుక బస్తాలు పెట్టాలి. రెండోవైపు ఎత్తి ఉంచితే లోపల ఉక్కపోయదు.

మూలనున్న రింగు ఊడిందా? గులకరాయినో, కొబ్బరి పిందెనో ఆ మూలలో పెట్టి, బరకంతో చుట్టి, మెడ దగ్గర తాడు బిగిస్తే సరి. బరకం ఇంకా చిరగదు, పట్టూ సడలదు.

చెట్టు కింద వద్దు

కోనసీమలో కొబ్బరిచెట్టుకు కొదవా? తాడు కట్టడానికి అనువే. కానీ గాలికి రాలే కాయ, విరిగిపడే మట్ట ప్రాణాల మీదికి తెస్తాయి. పాములూ మనలాగే మెరక వెతుక్కుంటూ వస్తాయి కనుక పిల్లల్ని కింద పడుకోబెట్టకూడదు. ఇటుకల మీద మంచమెత్తి, టార్చిలైటు దగ్గరుంచుకోవాలి. పొయ్యి ఎప్పుడూ బరకానికి దూరంగానే. నిప్పురవ్వ పడితే ప్లాస్టిక్ క్షణాల్లో అంటుకుంటుంది.

వరద తీశాక బరకాన్ని కడిగి, నీడన ఆరబెట్టి మడవాలి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. దాన్ని అలా గట్టు మీదే వదిలేస్తే సార్వా కోతలప్పుడు తుపాను వచ్చిన రోజున ధాన్యానికి కప్పేదేదీ ఉండదు. అందుకే లంకల్లో వాళ్లు మేలోనే బరకాన్ని ఒకసారి వెలుతురుకు అడ్డంపట్టి చూసుకోవడం మంచిది. చిల్లు కనిపిస్తే అతుకు వేయడానికి అప్పటికింకా సమయం ఉంటుంది మరి!