దేహము మఱవని శత్రువు

ఒకమాఱు తట్టు వచ్చినవారికి మరల రాదని మన యవ్వలు చెప్పుదురు. ఈ మాటకు ఉత్తర అట్లాంటిక్ సముద్రమునందలి ఫేరో దీవులలో గొప్ప నిదర్శనము దొరకినది.

అచ్చట 1781 లో తట్టు వ్యాపించి, పిదప 65 సంవత్సరములు కానరాలేదు. 1846 లో ఓడ ప్రయాణికునితో మరల వచ్చి, సుమారు 7,800 మంది జనులలో 6,000 మందికి పైగాఁ బట్టెను. పానుమ్ అను 25 ఏండ్ల డేనిష్ వైద్యుఁడు పల్లెలు తిరిగి విచారింపఁగా, బాల్యమున తట్టు వచ్చిపోయిన వృద్ధులలో నొక్కరికిని సోకలేదని తేలెను. నాఁడు తప్పించుకొనిన వృద్ధులకు మాత్రము సోకెను. ఇంతటి పరీక్షను కోరి యెవరు చేయఁగలరు?

అన్ని యేండ్లు జ్ఞాపకముంచుకొనినవి నెత్తుటిలోని తెల్లకణములు. పోరు ముగిసినను వానిలోఁ గొన్ని నశింపక కావలి యుండును. ఆ శత్రువే మరల వచ్చిన యెడల, వెంటనే ప్రతిరక్షకములను పుట్టించును. టీకా యీ జ్ఞాపకమునే వ్యాధిబాధ లేకుండఁ గలిగించును.

అయితే తట్టు మిక్కిలి టక్కరిది. తన జ్ఞాపకమును మిగిల్చి, ఇతర వ్యాధులను గుర్తెఱిఁగిన కణములఁ బెక్కింటిని చంపును. 2019 లో ప్రకటింపఁబడిన రక్తపరీక్షలు దీనిని స్పష్టపఱచినవి. కావున తట్టు తగ్గిన బిడ్డకు, చాలకాలమువఱకు, ఇతర రోగములు సులభముగా సోకును. టీకా యట్టి నష్టము చేయదు.