గ్యాస్ మాత్ర ఎన్నాళ్లు? ఎండోస్కోపీ ఎప్పుడు?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. కడుపు నొప్పికని పెద్దాసుపత్రికి వెళ్లొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే చాలామంది మందుల షాపులో గ్యాస్ మాత్రతోనే నెట్టుకొస్తారు. నిజానికి అజీర్తితో ఎండోస్కోపీ చేయించుకున్నవారిలో 10 మందికి 7 మంది పైనే పుండు గానీ గడ్డ గానీ లేనివారే. మరి ప్రయాణం తప్పనిది ఎవరికి? కొన్ని అంకెలు చూసుకుంటే తెలుస్తుంది.

60 ఏళ్లు: ఈ వయసు దాటాక కొత్తగా అజీర్తి మొదలైతే నేరుగా ఎండోస్కోపీ చేయించాలని అమెరికా, కెనడా జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2017లో సూచించాయి. అంతకంటే చిన్నవారికి ముందుగా మలం లేదా శ్వాస పరీక్షతో హెలికోబ్యాక్టర్ పైలోరి క్రిమి ఉందేమో చూడాలి.

2, 4 వారాలు: ఆ పరీక్షకు 2 వారాల ముందు నుంచి ప్యాంటాప్రజోల్ లాంటి మాత్రలు, 4 వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ వాడకూడదు. వాడితే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు. మాత్రలు ఆపే ముందు డాక్టరును అడగాలి.

8 వారాలు: క్రిమి లేదని తేలాక, డాక్టరు రాసిన మాత్రలు ఇన్నాళ్లు వాడినా తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి. కడుపు స్కానింగ్ బాగుందన్న ధీమా చాలదు. పిత్తాశయంలో రాళ్లు అందులో కనిపిస్తాయి, జీర్ణాశయం లోపలి పుండు సాధారణంగా కనిపించదు.

5 శాతం: ఏడాది లోపు, కారణం లేకుండా ఇంత బరువు తగ్గితే ఏ వయసులోనైనా ఆలస్యం చేయరాదు. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు.

12, 13: హిమోగ్లోబిన్ ఆడవారిలో 12, మగవారిలో 13 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. కడుపు లోపల రక్తం పోవడమూ దానికి ఒక కారణం. తారులా నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి అయితే అదే రోజు ఆసుపత్రికి చేరాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కాబట్టి అవి వాడుతుంటే చెప్పాలి. ముద్ద దిగకపోవడం, ఆగని వాంతులు కూడా ప్రమాద సూచనలే.

10 నిమిషాలు: ఛాతీ కింద బిగపట్టి, చెమటలు, ఆయాసం వస్తే అది గుండెపోటు కావచ్చు, గ్యాస్ అనుకుని కూర్చోకుండా 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎప్పుడు మొదలైందో, అప్పటి బరువు, ఇప్పటి బరువు రాసుకెళ్లండి. మోకాళ్ల నొప్పికి మింగే డైక్లోఫెనాక్ మాటా దాచకండి. కడుపులో పుండ్లకు అలాంటి మాత్రలు పెద్ద కారణం.