పని ఆగకుండ పరికరమును మార్చుట: లినక్స్‌లో దాని పరీక్ష

ఇంటిలో బల్బు మార్చవలెనన్న ముందుగా స్విచ్చి ఆపుదుము. బావి మోటారు తీగను ముట్టవలెనన్న ముందుగా ఫ్యూజు తీయుదుము. నడచుచున్న యంత్రముపై చేయి వేయరాదన్నది పెద్దలు నేర్పిన జాగ్రత్త. అయినను నేడు మనము కంప్యూటరు నడచుచుండగానే పెన్ డ్రైవును గ్రుచ్చుచున్నాము, తీయుచున్నాము. ఇట్లు పని ఆపకయే పరికరమును తగిలించుటను, తొలగించుటను ‘హాట్ ప్లగ్’ అందురు. చెడిన భాగమును తీసి అదే చోట మంచి భాగమును అమర్చుట ‘హాట్ స్వాప్’. ఇది ఎట్లు సాధ్యమైనది? సరిగా పనిచేయుచున్నదో లేదో తెలియుట ఎట్లు? ఈ రెండు విషయములను వివరించుటయే మా ఉద్దేశము.

మొదటి ఏర్పాటు పరికరములోనే కలదు. యు.ఎస్.బి. ప్రమాణము 1996లో వెలువడినది. సాధారణ యు.ఎస్.బి. ప్లగ్గులోని నాలుగు లోహపు పట్టీలను పరిశీలించినచో అంచులందలి రెండును పొడవుగాను, నడుమనున్న రెండును పొట్టిగాను కనబడును. పొడవైనవి విద్యుత్తుకు, పొట్టివి సమాచారమునకు. గ్రుచ్చునపుడు ముందు విద్యుత్తు అందును, పిదప సమాచార మార్గము కలియును. తీయునపుడు క్రమము తలక్రిందులగును. పాతకాలపు గుండ్రని కీబోర్డు ప్లగ్గునకు, సాధారణ కంప్యూటరులోని ర్యామ్ పలకలకు ఇట్టి రక్షణ లేదు. వాటిని నడచుచుండగా కదలించిన యంత్రమే చెడవచ్చును.

రెండవ ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఇది లోపించిన ఏమగునో 1998 ఏప్రిల్ 20న చికాగోలో లోకమంతయు చూచినది. బిల్ గేట్స్ సమక్షమున విండోస్ 98ను ప్రదర్శించుచు, నడచుచున్న కంప్యూటరుకు స్కానరును తగిలించగా సభాముఖముననే తెర నీలివర్ణమై యంత్రము స్తంభించినది. పరీక్ష ఎంత అవసరమో చెప్పుటకు ఇంతకంటె ఉదాహరణము వలదు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో విద్యార్థిగా నుండగా వెలువరించిన లినక్స్ కెర్నెల్ మూలము ఎల్లరకును తెరచియున్నది. 2001 జనవరిలో వచ్చిన 2.4 సంచికలో హాట్ ప్లగ్ ఏర్పాటు చేరినది. 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ‘యుడెవ్’ను రచించెను. పరికరము తగులగానే కెర్నెల్ దాని తయారీదారు సంఖ్యను, వస్తు సంఖ్యను అడిగి తెలిసికొనును, తగిన డ్రైవరును వెదకును, యుడెవ్‌కు వార్త పంపును. యుడెవ్ దానికి పేరు పెట్టును.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము లినక్స్ కెర్నెలే. అప్పటి చిత్తూరు జిల్లా, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారమున 2015లో షావోమీ ఫోనులు తయారైనవి. మన మట్టిపై కూర్చిన ఫోనుకు పెన్ డ్రైవు తగిలించినను లోపల కెర్నెల్ చేయునది ఇట్టి పనియే.

ఇక పరీక్షా విధానము. మొదట కెర్నెల్ చిట్టాను తెరచి పరికరమును తగిలించవలెను. పేరు, డ్రైవరు సరిగా నమోదైనవో చూడవలెను. రెండవది, ఒక పెద్ద ఫైలును పంపి, పంపక ముందును పిదపను దాని చెక్‌సమ్‌ను పోల్చవలెను. ఒక్క అంకె మారినను పరీక్ష తప్పినట్లే. మూడవది, అన్‌మౌంట్ చేసి క్రమముగా తీయవలెను. నాలుగవది కఠినమైనది: వ్రాయుచుండగా హఠాత్తుగా లాగివేయవలెను. అప్పుడు ఆ ఫైలు పోవచ్చును గాని యంత్రము స్తంభింపరాదు. దోషమును తెలిపి తక్కిన పనులు సాగించవలెను. ఐదవది, ఇదంతయు వందసార్లు చేసి జ్ఞాపకశక్తి వినియోగము పెరుగుచున్నదేమో గమనింపవలెను. ఒకసారి నిలిచినది నూరవసారి కూలుట కలదు.

పరికరములు లేనివారును నిరాశపడ నక్కరలేదు. క్యూఈఎంయు అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కల్పిత యంత్రమును సృష్టించి, అందు కల్పిత డిస్కులను తగిలించి తీయనిచ్చును. లినక్స్‌లో ప్రాసెసరు నొక్కదానినే తాత్కాలికముగా విధులనుండి తప్పించి, దాని పనులు తక్కినవానికి మారుట చూడవచ్చును. ఇందుకు తగిన పరీక్షలు కెర్నెల్ మూలములోనే కలవు. గూగుల్ వారి సిజ్‌కాలర్ సాధనముతో ఆండ్రీ కొనొవలోవ్ 2017లో తప్పుడు సమాచారమిచ్చు కల్పిత యు.ఎస్.బి. పరికరములను ప్రయోగించి, డ్రైవర్లలో అనేక దోషములను బయటపెట్టెను. మూలము బహిరంగమైనందున ఎల్లరును వాటిని చూడగలిగిరి, దిద్దగలిగిరి.

ఇందు మనకు సంబంధించిన దేమి? కళాశాల కార్యాలయములో మార్కుల పట్టిక వ్రాయుచుండగా ఎవరో పెన్ డ్రైవు లాగినచో నష్టపడునది విద్యార్థి భవిష్యత్తు. అందుచేత క్రమముగా తీయు అలవాటును, వేరొక ప్రతిని దాచు అలవాటును అందరును పాటింపవలెను. పరీక్షలు మాత్రము కార్యాలయ యంత్రముపై ఎన్నడును చేయరాదు.

కళాశాల సంఘము వారికి మా మనవి ఒక్కటే. మూలకు చేరిన పాత కంప్యూటరు నొకదానిని ప్రయోగమునకై విద్యార్థుల కప్పగింపుడు. లినక్స్‌కు వెల లేదు, దాని మూలమునకు తాళము లేదు. ఉర్దూ చదివినవాడును, తెలుగు చదివినవాడును అందొక దోషమును కనిపెట్టి లోకమునకు తెలుపగలడు. కావలసినది ఓర్పు, పరిశీలన, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయు నిజాయితీ.