ఊపిరితిత్తిలో ఎముకా?

ఊపిరితిత్తి మెత్తగా స్పాంజిలా ఉంటుంది కదా, అందులో ఎముక పుట్టడమేమిటి అంటారా? అరుదే గానీ పుడుతుంది. అదీ కాన్సర్ గడ్డలో. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ ఎంత తికమకపడతారో మా పిన్ని విషయంలో దగ్గరుండి చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

పిన్నికి 58 ఏళ్ళు. ఇంట్లో ఎవరికీ సిగరెట్ అలవాటు లేదు. రెండు నెలలుగా పొడిదగ్గు. ఊళ్ళో ఎక్స్‌రే తీస్తే తెల్లటి మచ్చ కనిపించింది. "ఎప్పటిదో టీబీ మచ్చ, సున్నం కట్టింది, భయం లేదు" అన్నారు. అలా అనడానికి కారణం లేకపోలేదు. మానిన టీబీ మచ్చలో కాల్షియం పేరుకుని ఫిల్ములో తెల్లగా కనబడుతుంది. అలాంటివి చాలావరకు ప్రమాదం లేనివే. అలాగని తెల్లగా ఉన్నదల్లా పాతదే కానక్కర్లేదు. బీరువాలో పిన్ని ఆరేళ్ళ కిందటి ఎక్స్‌రే ఒకటి దొరికింది. అందులో మచ్చే లేదు! అది చూశాక పట్నంలో డాక్టరుగారు స్కాను, బయాప్సీ చేయించారు. అడెనోకార్సినోమా అని తేలింది. పొగతాగని ఆడవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే.

ఆపరేషన్ చేసి తీసిన గడ్డలో ఎముక ఉందని రిపోర్టు వచ్చింది. ఇక చూడండి, "ఎముకలకి పాకిపోయిందే అక్కా" అని పిన్ని కూతురు ఒకటే ఏడుపు. "లోపల ఎముక పెరుగుతుంటే ఇంకా పాలు పోస్తారేమిటి" అని బాబాయి పాలు, పెరుగు, రాగిజావ అన్నీ మాన్పించేశారు.

డాక్టరుగారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. సున్నం కట్టడం వేరు, ఎముక ఏర్పడటం వేరు. గడ్డలో కణాలు చచ్చిపోయిన చోట ఉత్త కాల్షియం పేరుకోవచ్చు. ఎముక రావాలంటే దాన్ని తయారుచేసే కణాలు ఉండాలి. ఒక్కోసారి లోపల మూలుగ కూడా ఉంటుందిట! మరి ఆ కణాలు అక్కడికెలా వచ్చాయి? 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టరు, ఖనిజాలు తీసేసిన ఎముకను జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. ఎముక తయారుచేయమని చుట్టుపక్కల కణాలకు కబురంపే ప్రొటీన్లు ఉన్నాయని ఆ దారిలోనే తెలిసింది. వాటినే బీఎంపీలంటారు. కొన్ని కాన్సర్ కణాలూ వీటిని తయారుచేస్తాయి. ఆ కబురందుకుని గడ్డలోని మామూలు కణాలు ఎముక కణాలుగా మారతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

కాబట్టి గడ్డలో ఎముక పుట్టిందంటే కాన్సర్ ఎముకలకు పాకిందని అర్థం కాదు. పాకిందో లేదో తెలియడానికి వేరే పరీక్షలున్నాయి. వైద్యం కూడా ఆ ఎముకను బట్టి కాదు, కాన్సర్ ఏ రకం, ఎంతవరకు వచ్చింది అన్నదాన్ని బట్టే.

ఇక పాల సంగతి. తాగిన పాలు వెళ్ళి గడ్డలో ఎముకగా మారవు. రక్తంలో కాల్షియం ఎక్కువైందని పరీక్షలో తేలితే ఏం మానాలో డాక్టరే చెబుతారు. మనంతట మనం ఆపరేషనైన మనిషి చేతిలో గ్లాసు లాగేసుకుంటే నీరసపడేది ఆ మనిషే.

పట్టుచీరలు భద్రంగా దాచుకుంటాం కదా, ఎక్స్‌రే ఫిల్ములు, స్కాను సీడీలు కూడా తేదీ రాసి ఆ పక్కనే పెట్టండి. మచ్చ ఉందంటే "ఇది పాతదా, కొత్తదా? పెరిగిందా?" అని అడగండి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోయినా, కళ్ళెలో రక్తం కనిపించినా "నేను పొగ తాగనుగా" అని ఊరుకోకండి. ఇంటెడు చాకిరీ ఒక పూట ఆగుతుంది, ఏం ఫర్వాలేదు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.