మీకు తెలుసా? నాపరాయి ఒకటే, ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు

బేతంచెర్ల క్వారీలో రాయి తీసే కూలీ భద్రత కేంద్రం బాధ్యత. అదే రాయి లారీ ఎక్కి పాలిష్ ఫ్యాక్టరీకి చేరిందా, అక్కడి కూలీ బాగోగులు రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖవి. దుమ్ముకు మాత్రం ఈ గీతలేవీ తెలియవు.

కారణం రాజ్యాంగంలో ఉంది. కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలోది. గనుల్లో భద్రత మాత్రం కేంద్ర జాబితాలో 55వ అంశం. దాన్ని చూసే గనుల భద్రతా డైరెక్టరేట్ 1902లో కలకత్తాలో మొదలై, 1908లో ధన్‌బాద్‌కు మారింది. బేతంచెర్లకు ఎంత దూరమో లెక్కేసుకోండి!

అమెరికాలో ఫ్యాక్టరీల వంటి పనిచోట్లకు ఏర్పాటు వేరు. 1970 నాటి కార్మిక భద్రతా చట్టం ప్రకారం, సొంత భద్రతా కార్యక్రమం నడిపే రాష్ట్రానికి ఖర్చులో సగం దాకా కేంద్రం గ్రాంటుగా ఇస్తుంది.

మనకు దానికి దగ్గరగా కనిపించేది జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి. 2015లో వచ్చింది. ఇది గ్రాంటు కాదు, గని యజమాని సొమ్మే. ఎర్రగుంట్ల వైపు సిమెంటు సున్నపురాయి లాంటి ప్రధాన ఖనిజాలకు, 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం అదనంగా కట్టాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటి ముఖ్య అవసరాలకే పోవాలన్నారు. 2024లో దాన్ని 70 చేశారు. గనుల వల్ల వచ్చే జబ్బులకూ, గాయాలకూ చికిత్స ఏర్పాట్లు ఈ డబ్బుతో చేయొచ్చు. సిమెంటు రోడ్డు వేస్తే అందరికీ కనిపిస్తుంది, ఊపిరితిత్తుల పరీక్ష కనిపించదు. అందుకే గ్రామసభలో దీన్ని అడిగి రాయించుకోవాల్సి వస్తుంది.